బరువు రాయి గురించి ఒక సత్తుతట్ట సాక్ష్యం

ఈదులరేవు పట్నాన్ని అందంగా తీర్చిదిద్దుతామని కుర్చీలు వేసుకు కూచున్న పెద్దమనుషులారా, మిమ్మల్నే అంటున్నాను. మా రాయికి గొలుసు కట్టింది మీరే. దాని పక్కన అబద్ధం రాసి బోర్డు పాతింది మీరే. పొద్దుగూకేసరికి ఆ అబద్ధం మీద ఎర్రదీపం వెలిగేలా వైరు లాగింది మీరే. ఇప్పుడు రాయిని పెకలించి, బీచి పార్కులో కొత్త హోటలు ఎదురుగా నిలబెడతామని కాగితం రాసుకున్నదీ మీరే. ఆ కాగితం మీద ఏడుగురు సంతకాలు పెట్టారు. ఆ ఏడుగురిలో ఒక్కరైనా జన్మలో ఒక్కసారి తలమీద బరువు పెట్టుకుని మెట్ట ఎక్కారా? చెప్పండి. ఆగుతాను.

ఎక్కలేదు కదా. అయితే నోరు మూసుకుని నా మాట వినండి.

నేను ఒక సత్తుతట్టని. చేపల తట్టని. రెండు చేతులు బారజాపితే గానీ అందనంత వెడల్పు, జానెడు లోతు, అంచుకి రెండు సొట్టలు, అడుగున చిల్లుకి వేసిన ఒక మాటు. నా దగ్గర వాసన వస్తుంది. ముక్కు మూసుకోవాలనుకుంటే మూసుకోండి, చెవులు మాత్రం తెరిచి ఉంచండి. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. నా అడుగున పరిచే పాత పేపర్లే నా బడి. అందుకని లోకం సంగతులు నాకు సగం సగమే తెలుసు. ఏ వార్త అయినా చేప తోక దాకా వచ్చి అక్కడ తడిసి ఆగిపోతుంది. అయినా మొత్తం తెలిసినవాళ్ళు మీరు ఉద్ధరించింది చూస్తున్నాను కాబట్టి, సగం తెలిసినందుకు నేనేమీ సిగ్గుపడటం లేదు.

నేను పుట్టింది రాజమండ్రిలో, ఒక రేకులషెడ్డు కార్ఖానాలో. పుట్టిన మూడో రోజునే నన్ను కొనుక్కున్నది సాంబమూర్తిగారనే వంటబ్రాహ్మడు. పెళ్ళిళ్ళకి వంటలు చేసేవాడు. ఆయన దగ్గర ఉన్నన్నాళ్ళూ నాలో పులిహోర తప్ప మరొకటి కలిపి ఎరగడు. ఎంత మడి అంటే, నన్ను ముట్టుకునే ముందు తడిబట్ట, తోమాక పసుపు నీళ్ళు, పడుకోబెట్టడానికి కొత్త చాప. అప్పట్లో నాకూ కొంచెం పొగరుండేది. దాచుకోను.

ఒకసారి ఈదులరేవు కోటవీధిలో ఒక డాక్టరుగారింట్లో పెళ్ళికి తీసుకొచ్చాడు. పెళ్ళి అయింది. మర్నాడు ఆ ఇంటివాళ్ళు తమ మామూలు వంటలోకి దిగారు. పెరటిగుమ్మంలోకి జాలారిపేట ఎల్లాజమ్మ వంజరం చేప పట్టుకొచ్చింది. డాక్టరుగారి భార్య చుట్టాలతో మాట్లాడుతూ, చూడకుండా, ఆ చేపని తీసి నాలో పెట్టేసింది. అంతే. సాంబమూర్తిగారు పెట్టిన కేకకి వీధిలో జట్కా గుర్రం బెదిరింది.

"చింతపండు పెట్టి తోమితే పోతుంది కదండీ," అందావిడ.

"తోమితే పోయేది మురికమ్మా, ఇది అంటు!" అని ఆయన నన్ను కాలితో ఎల్లాజమ్మ వైపు తన్నాడు. "పట్టుకుపో. నా కంటికి కనపడనీకు."

ఎల్లాజమ్మ అప్పటికి పాతికేళ్ళ మనిషి. నల్లగా, నిటారుగా, నోరు పెద్దదిగా ఉండేది. "ఊరికే ఎవులిచ్చినా నాను తీసుకోను బాబూ," అని కొంగుముడి విప్పి, అంతకు ముందు రోజు వలలో పడిన శంఖం ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. సాంబమూర్తిగారి మొహం వెలిగిపోయింది. దాన్ని కళ్ళకద్దుకుని సంచిలో వేసుకున్నాడు. చేపల మధ్య పుట్టి, చేపల మధ్య పెరిగి, చేపల వలలోనే పడి వచ్చిన శంఖానికి మాత్రం ఏ అంటూ అంటలేదు. ఆ రోజు నించీ మనుషుల శాస్త్రాల మీద నాకు గౌరవం పోయింది, వాళ్ళ మీద సరదా పెరిగింది.

ఎల్లాజమ్మ తలమీద ముప్ఫై ఏళ్ళు తిరిగాను. ఆవిడ మోకాళ్ళు అరిగాక కోడలు దానయ్యమ్మ తలమీదకి మారాను. పద్నాలుగేళ్ళయింది. దానయ్యమ్మ పొట్టి మనిషి, మాట తక్కువ, నడక ఎక్కువ. అత్త ఇప్పుడు మెట్ట మధ్యలో వేపచెట్టు కింద గోనె పరుచుకుని ఎండుచేపలు అమ్ముతుంది. అంటే అమ్ముతున్నట్టు కూచుంటుంది. అసలు పని వచ్చేపోయేవాళ్ళని తిట్టడం.

ఈ ఊరు నాకు తెలిసినట్టు మీకు తెలీదు. ఊరికి కింద సముద్రం, జాలారిపేట. పైన కోటవీధి. మధ్యలో మెట్ట, నిటారుగా ఎక్కే రాళ్ళదారి. ఎప్పుడో ఓడల మీద వచ్చిన డచ్చివాళ్ళు, వాళ్ళ తరవాత ఇంగ్లీషు దొరలు పైన కోట కట్టుకున్నారు, గోడౌన్లు కట్టుకున్నారు, చచ్చిపోయి సమాధులు కట్టించుకున్నారు. మీరు ప్రతిదానికీ ఒక బోర్డు పెట్టారు. ఆ సమాధుల మీద ఏం రాసుందో మా దానయ్యమ్మకి తెలీదు. ఏ సమాధి నీడ ఏ వేళకి ఎటు పడుతుందో తెలుసు, ఎందుకంటే మగాళ్ళు వలలు బాగుచేసుకునేది ఆ నీడల్లోనే. ఐసు కార్ఖానా వెనక సందులో గోడకి చెయ్యి ఆనిస్తే వేసవిలో కూడా చల్లగా ఉంటుందని తెలుసు. లైట్‌హౌస్‌లో దీపం ఆరిపోయి ఎన్నేళ్ళయిందో తెలీదు గానీ, దాని నీడ పోస్టాఫీసు మెట్టు మీదకి వచ్చిందంటే తొమ్మిదిన్నర అయినట్టని తెలుసు. తొమ్మిదిన్నర దాటితే కోటవీధిలో పప్పు పొయ్యి మీదకి ఎక్కేస్తుంది. పప్పు ఎక్కేసిన ఇంట్లో చేప కొనరు. దానయ్యమ్మ బతుకంతా ఆ నీడకీ ఆ పప్పుకీ మధ్య జరిగే పరుగు.

ఆ పరుగులో ఆవిడకి ఉన్న ఒకే ఒక్క చుట్టం బరువు రాయి.

ఏమిటది? మెట్ట సగం ఎక్కాక దారి పక్కన రెండు రాతిస్తంభాలు పాతి ఉంటాయి. వాటి మీద అడ్డంగా ఒక పలక. అంతే. నిండు తట్టని తలమీదికి ఎత్తాలన్నా, దించాలన్నా ఒంటరి మనిషి వల్ల కాదు. ఇంకొకరి చెయ్యి కావాలి. గుమ్మం ముందైతే కొనే అమ్మగారే ఒక చెయ్యి వేస్తుంది. నడిదారిలో ఎవరు వేస్తారు? అందుకని ఆ పలకని సరిగ్గా ఆడమనిషి కళ్ళ ఎత్తున పెట్టారు. మోకాళ్ళు కొంచెం వంచి, మెడ ముందుకి జరిపితే తట్ట జారి పలక మీద కూచుంటుంది. ఊపిరి తీసుకుని, చెమట తుడుచుకుని, మళ్ళీ మెడ కిందికి పెట్టి లేస్తే తట్ట తలమీదకి వస్తుంది. ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఎవరు నిలబెట్టారంటారా? నాకు తెలీదు. తెలీనిది తెలీదనే చెబుతాను, మీలాగా బోర్డు రాయను. చేపల తట్టలకి ముందు ఉప్పు మూటలు, అంతకు ముందు ఇంకేవో మూటలు దాని మీద దిగాయి. అవి రాసుకుని రాసుకుని పలక అంచు అరిగి, దూడ వీపులాగా నున్నగా అయింది.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున్న కారులో మీరు పంపిన నలుగురు వచ్చారు. దానయ్యమ్మ అప్పుడే నన్ను దించి నిలబడింది. ఒకాయన కిందికి వంగి, దాదాపు నేలమీద పడుకుని, కెమెరా పైకెత్తి పెట్టాడు. పడుకుని చూస్తే గడ్డిపరక కూడా తాటిచెట్టులాగే కనపడుతుంది.

"ఆ తట్ట కొంచెం తియ్యమ్మా, ఫొటోకి అడ్డం," అన్నాడు.

"ఇప్పుడే దించినాను బాబూ, ఒక్క నిముసం," అంది దానయ్యమ్మ.

ఆయనకి నిముషం లేదు. నాతో సహా ఫొటో తీసుకుని, తరవాత నన్ను కత్తిరించేశాడు. నన్ను కత్తిరించాక ఆ రెండు స్తంభాలూ ఆ పలకా ఎందుకున్నాయో వాళ్ళకి అర్థం కాలేదు. ఎలా అవుతుంది? అర్థాన్నే కత్తిరించి పారేశారు కదా! పక్కనే చెమట తుడుచుకుంటున్న మనిషిని అడగొచ్చు. అడగలేదు. నలుగురూ కారులో కూచుని ఆలోచించి, ఆరు నెలలకి రంగు కాగితాల పుస్తకం అచ్చువేశారు. అందులో మా రాయి ఫొటో. కింద అక్షరాలు: 'డచ్చివారి ఉరికంబం. ఇచ్చట నూటపది మందిని ఉరితీసిరి.'

ఆ పుస్తకాలు మిగిలిపోయి జాలారిపేటకే వచ్చాయి, చేపలు చుట్టుకోడానికి. నా అడుగున పరిస్తే చదివాను. కాగితం జారుడు. నెత్తళ్ళ నీళ్ళు కూడా పీల్చుకోదు. ఆ అబద్ధం దేనికీ పనికిరాదని నాకు అప్పుడే తెలిసింది.

ఉరికంబం అనగానే జనం రావడం మొదలెట్టారు. చర్చి దగ్గర ఆగని వాళ్ళు ఉరికంబం దగ్గర ఆగారు. మెడ పక్కకి వాల్చి, నాలుక బయటపెట్టి ఫొటోలు. దాంతో మీరు గొలుసు కట్టారు, 'తాకరాదు' అని రాశారు. ఆ రోజు నించి దానయ్యమ్మ సగం తట్ట చేపలే ఎత్తుకుంటోంది. సగం తట్టతో మెట్ట ఎక్కితే రోజంతా నడిచినా సగం కూలే. నిండు తట్ట ఎత్తిన రోజున సాయంత్రానికి మెడ తిరగదు. ఆటో ఎక్కుదామంటే వాసనని ఎక్కించుకోరు. ఇంతలో కొత్త కబురు: సోమవారం క్రేను వస్తుంది, రాయిని పార్కుకి తీసుకుపోతారు. గొలుసైతే ఏనాటికైనా తియ్యొచ్చు, రాయే పోతే దానయ్యమ్మకి కోటవీధి పోయినట్టే. కోటవీధి పోతే చేపలమ్మడమే పోయినట్టు.

ఆ సోమవారానికి ముందు ఆదివారం తెల్లారి, రేవులో వేలంపాట పాడి చేపలు కొనుక్కుని బయల్దేరామో లేదో, వెనకాల ఒకావిడ పడింది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో చెప్పులు, కాళ్ళకి ఇసక, మొహం నిండా నవ్వు.

"ఏటమ్మా, నా ఎనకాలొస్తన్నావు? సేపలు కావాలా?" అంది దానయ్యమ్మ.

"కాదక్కా. నాపేరు స్వరూప. సిద్దిపేట దిక్కు, టీచర్‌ను. నిన్న మమ్ముల వ్యానుల తిప్పిన్రు. లైట్‌హౌస్ కాడ పది నిమిషాలు, చర్చి కాడ పది నిమిషాలు, ఉరికంబం కాడ అర్ధగంట. నాకైతే ఊరు కనపడలే. మీ ఊరోళ్ళు ఎట్ల తిరుగుతరో గట్ల తిరగాలె. నీతోని రానా?"

"మేం తిరగం తల్లీ. అమ్ముకుంటాం."

"అయితే నేను అమ్ముత!"

దానయ్యమ్మ నవ్వితే తలమీద నేను కదులుతాను. ఆ రోజు బాగా కదిలాను. "రా మరి. నాను ఆగమన్న కాడ ఆగు. ఎక్కమన్న కాడ ఎక్కు. ఏ గుమ్మంలోనూ 'ఈ సేప తాజాదేనా' అని నోరు జారకు. తాజాదే."

ఇక చూసుకోండి, ఊరంటే ఏమిటో ఆ టీచరమ్మకి చూపించాం. ఐసు కార్ఖానా గోడకి వీపు ఆనించి "అబ్బ, ఫ్రిజ్జు లెక్కున్నది!" అంది. దొరల సమాధుల దగ్గర వల బాగుచేస్తున్న ముసలాయన ఆవిడకి ఒక ముడి వెయ్యడం నేర్పాడు. ఆవిడ వేసిన ముడి చూసి "ఇందులోంచి తిమింగిలం కూడా పారిపోద్ది" అని విప్పేశాడు. ఉప్పు గోడౌను అరుగు మీద పులిమేక ఆడుతున్న ఇద్దరి మధ్య తగువు తీర్చింది. గోళీ సోడా తాగి ముక్కుతో తుమ్మింది. ఎర్ర ఇటికల చర్చి వెనక సందులోకి రాగానే దానయ్యమ్మ, "కళ్ళు మూసుకుని నిల్చో," అంది. నిల్చుంది. ఆ సందులో గాలి రెండు గోడల మధ్య ఇరుక్కుని, సముద్రం పక్కనే ఉన్నట్టు హోరుమంటుంది. అర కోసు దూరంలో ఉన్న సముద్రం చెవిలోకి వచ్చి మాట్లాడుతుంది.

టీచరమ్మ చాలాసేపు కళ్ళు తెరవలేదు. "మా బడి పిల్లలకు గిది ఎట్ల చెప్పాలె?" అంది మెల్లగా.

"సెప్పకు. తీసుకురా," అంది దానయ్యమ్మ.

అక్కడికి బాగానే ఉంది. మెట్ట మొదలైంది. ఆ రోజు నిండు తట్ట. గొలుసున్నా సరే, సోమవారం నించి రాయే ఉండదు కదా అని కసిగా నిండా ఎత్తుకుంది. కానాగంతలు, కవ్వళ్ళు, అడుగున రెండు పెద్ద చందువలు. సగం ఎక్కేసరికి మెడ నరాలు తీగల్లా బిగుసుకోవడం ఆవిడ తలకీ నాకూ మధ్య ఉన్న గుడ్డ చుట్టకుదురు లోంచి తెలుస్తోంది. ఊపిరి ఈలలా వస్తోంది.

"అక్కా, దించు, నేను పడత," అని టీచరమ్మ రెండు చేతులూ చాపింది. అలవాటు లేని చెయ్యి తట్టకి చేటు. నేను ఒక పక్కకి ఒరిగాను. ఐదారు కవ్వళ్ళు రాళ్ళమీద పడి జారిపోయాయి. వేపచెట్టు కింద నించి ఎల్లాజమ్మ లేచింది.

"ఒలే, ఎవుర్తివే నువ్వు? నా కోడలి మెడ ఇరిసీసేలాగున్నావు!"

"రాయి మీద దించు అక్కా! గా రాయి ఉన్నది కదా!" అని అరిచింది టీచరమ్మ. మూడు గంటల్లో ఊరు తిరిగిన మనిషికి, మీకు మూడేళ్ళలో తట్టనిది తట్టింది.

"గొలుసు కట్టినారు తల్లీ," అంది దానయ్యమ్మ పళ్ళ బిగువున.

సరిగ్గా అప్పుడే పైనించి గుంపు దిగింది. ముందు మైకు పట్టుకుని గైడు త్రినాథ్, వెనక పదిహేను మంది. త్రినాథ్ మా జాలారిపేట వాడే. డిగ్రీ చదివి, పని దొరక్క, మీరిచ్చిన టోపీ పెట్టుకున్నాడు. మమ్మల్ని చూసి మొహం తిప్పేసుకుని గొంతు సవరించాడు.

"మిత్రులారా, ఇదే ఆ భయంకరమైన ఉరికంబం! ఇక్కడే నూటపది మందిని..."

"తమ్మీ," అంది టీచరమ్మ. బడిలో గోల చేసే తరగతిని ఆపే గొంతు అది. పదిహేను మందీ నోళ్ళు మూశారు. "నువ్వు ఎంత పొడుగుంటవ్?"

"ఐదడుగుల తొమ్మిదంగుళాలు మేడం."

"వచ్చి దాని కింద నిలబడు."

నిలబడ్డాడు. కింద పట్టక వెనకాల నిలబడితే, పలక వాడి గడ్డం దగ్గరికి వచ్చింది. తల పలక పైనించి, గోడ అవతలి నించి తొంగిచూసే మేకపోతులాగా కనపడింది. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు.

"నిన్ను దీనికి ఉరి తియ్యాల్నంటే," అంది టీచరమ్మ, "నువ్వు మోకాళ్ళు మడిచి, కాళ్ళు పైకి పట్టుకుని, మస్తు సాయం జెయ్యాలె."

నవ్వులు. త్రినాథ్ చెవులు ఎర్రబడ్డాయి. "అప్పట్లో మనుషులు పొట్టిగా ఉండేవారు మేడం," అన్నాడు.

అది వినగానే ఎల్లాజమ్మ గోనె మీదకి కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. "ఒరే తిరినాదూ! మీ తాత ఎర్రయ్య ఆరడుగులుండీవోడురా! ఉప్పు మూట ఈ రాయి మీదే దించీవోడు. దించినప్పుడల్లా 'ఆడోళ్ళ కొలతకి కట్టినారు, నా నడుం ఇరుగుతంది' అని తిట్టీవోడు. అప్పట్లో పొట్టోళ్ళంట! నీ తాత పొట్టోడా? సెప్పరా!"

త్రినాథ్ మైకు కిందికి దించాడు. గొంతు తగ్గించి, "నాకు తెలీదా మామ్మా. కాగితంలో ఇలాగే రాసిచ్చినారు. నానేటి సెయ్యను?" అన్నాడు. ఈ ముక్క మీకోసం చెబుతున్నాను పెద్దమనుషులారా. మీరు అబద్ధం ఆడటమే కాదు, దాన్ని తెలిసినవాడి నోట్లో పెట్టి ఆడించారు.

"కబుర్లు తరవాత. గొలుసు తియ్యరా తిరినాదు," అంది దానయ్యమ్మ. పెద్దగా అనలేదు. పెద్దగా అనడానికి ఊపిరి లేదు. ఆవిడ మోకాళ్ళు వణకడం నా అంచు దాకా తెలుస్తోంది. ఇంకో నిముషం ఆగితే నేను నేలమీద, ఆ రోజు చేపలన్నీ మట్టిలో.

వాడు ఒకసారి మెట్ట పైకి చూశాడు, ఎవరైనా చూస్తున్నారేమో అని. ఒకసారి దానయ్యమ్మ మెడ వైపు చూశాడు. టోపీ తీసి జేబులో కుక్కుకుని గొలుసు కొక్కెం విప్పేశాడు.

దానయ్యమ్మ రెండడుగులు వేసి, మోకాళ్ళు వంచి, మెడ ముందుకి జరిపింది. నేను జారి పలక మీద కూచున్నాను. కొలిచి చేసినట్టు. కొలిచే చేశారు కదా! ఏ చప్పుడూ లేదు. ఆవిడ వదిలిన ఊపిరి పదిహేను మందికీ వినపడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గుంపులో ఒక ముసలాయన మాత్రం దగ్గరికి వచ్చి, పలక అరిగిన అంచుని అరచేత్తో నిమిరాడు. తరవాత, "చందువ ఎలా ఇస్తారమ్మా?" అన్నాడు. అక్కడే సగం తట్ట ఖాళీ. టీచరమ్మ కేకలు పెట్టి మరీ అమ్మింది. "తాజాదేనా అని అడగొద్దు! తాజాదే!"

అది ఆదివారం. సోమవారం క్రేను వచ్చింది.

ఇంజనీరు వచ్చి చూసేసరికి గొలుసు విప్పినది విప్పినట్టే ఉంది, రాయి మీద ఒక తట్ట ఉంది. "తియ్యమ్మా," అన్నాడు. "తీస్తన్నాను బాబూ, అమ్ముకోవాలి గదా," అని ఆవిడ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆయన తల తిప్పేలోగా ఇంకో తట్ట దిగింది. "తియ్యమ్మా." "తీస్తన్నాను బాబూ." మెట్ట కింద నించి సముద్రం దాకా వరస. రాత్రికి రాత్రే కబురు పాకి, జాలారిపేటలో ఆ రోజు నలభై తట్టలు లేచాయి. ఒక జెండా లేదు, ఒక నినాదం లేదు. ఎవరూ నిముషం మించి ఆగలేదు, ఎవరూ ఎవర్నీ అడ్డుకోలేదు. పైకి వెళ్ళినవాళ్ళు చర్చి సందులోంచి కిందికి దిగి మళ్ళీ వరసలోకి వచ్చారు. దానయ్యమ్మ అవే కానాగంతలతో నాలుగుసార్లు మెట్ట ఎక్కింది. నాలుగోసారికి కానాగంతలే విసుక్కున్నాయి. నేను మాత్రం పులిహోర రోజుల్లో కూడా అంత సంబరపడలేదు.

"వీళ్ళని ఏమని ఆపాలి సార్?" అన్నాడు క్రేను డ్రైవరు. ఇంజనీరు కాగితం తిరగేసి చూశాడు. బరువు దించుకోరాదని ఏ చట్టంలోనూ లేదట. మధ్యాన్నానికి డ్రైవరు ఇంటికి రెండు చందువలు చుట్టించుకుని, బండి వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

గెలిచామా? లేదు. మీరు గెలవనిస్తారా! ఆ సాయంత్రమే కాగితం వచ్చింది: పనిని పదిహేను రోజులు వాయిదా వేశాం అని. కొక్కేనికి ఈసారి తాళం పడింది. అదే కాగితం కింద ఇంకో ముక్క: పాత మత్స్యకార సామగ్రి మ్యూజియంలో అద్దాలపెట్టెలో పెడతారట, ఒక తట్ట కావాలట. ఎవరో నా సొట్టలు చూసి ముచ్చటపడ్డారు. దానయ్యమ్మ చదివించుకుని, "దీన్ని ఆళ్ళు సూసుకుంటా కూకుంటే రేపు నాను సేపలు దేంట్లో ఎట్టాల?" అంది. నా జవాబూ అదే. నేను చూడటానికి పనికొచ్చేదాన్ని కాను, మొయ్యడానికి పనికొచ్చేదాన్ని.

త్రినాథ్ ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు, ఒక తమాషా పద్ధతిలో. "బోర్డు మీద ఇలా ఉంది. ఆ మామ్మ ఇలా అంటోంది. మీరే గొలుసు దగ్గర నిలబడి పలక ఎత్తు చూసుకోండి," అంటాడు. జనం వరసకట్టి నిలబడి, దూరం నించే గడ్డాలు కొలుచుకుని, పగలబడి నవ్వుకుని, ఎల్లాజమ్మ దగ్గర ఎండునెత్తళ్ళు కొనుక్కుని పోతున్నారు. ఉరికంబం కంటే బరువు రాయే ఎక్కువ గిరాకీ తెస్తోంది. కానీ అంతా గొలుసు బయట నించే. అదే గొలుసు బయట దానయ్యమ్మ మళ్ళీ సగం తట్టే మోస్తోంది.

వాయిదాలో ఆరు రోజులు అయిపోయాయి. ఇంక తొమ్మిది. కాబట్టి ఏడుగురూ వినండి. ఆ తాళం తియ్యండి. ఆ బోర్డు పీకి, త్రినాథ్ చేత, ఎల్లాజమ్మని పక్కన కూచోబెట్టుకుని, కొత్తది రాయించండి. తెలిసినంతే రాయండి, తెలీనిచోట ఖాళీ వదలండి. రాయిని పార్కుకి కాదు, ఒక్క అంగుళం కూడా జరపడానికి వీల్లేదు. మెట్ట మొదట్లో ఒకటి, కోటవీధి మొగలో ఒకటి కొత్తవి నిలబెట్టండి. పలక ఎంత ఎత్తున పెట్టాలో తెలుసుకోడానికి ఏ కమిటీ అక్కర్లేదు. దానయ్యమ్మని పిలిచి, పక్కన నిలబెట్టి కొలుచుకోండి. ఇవన్నీ సమావేశం పెట్టి ఆలోచిస్తామంటారా? పెట్టండి. మెట్ట మీద పెట్టండి. ఒక్కొక్కరూ ఒక్కొక్క నిండు తట్ట తలకెత్తుకుని, కింద నించి నడిచి రండి. ఆ గొలుసు ముందు దించకుండా నిలబడి, ఎంతసేపు చర్చించగలరో చర్చించండి.